నిమ్ము నేలకు ఏ పలక?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న మన పెద్దలు, నేల వేసి చూడమని విడిగా చెప్పలేదు. సున్నపు గచ్చు వేసి, ఏడాదికొకసారి గోడలకు వెల్ల వేసుకుని తృప్తిపడిన రోజుల్లో ఆ మాట అవసరం పడి ఉండదు. నేడు అవసరమే. అందులోనూ అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఇల్లు కట్టుకుంటున్నవారికి మరీ అవసరం.

కొత్త ఇల్లు కడుతున్న ఏ బంధువుల ఇంటికి వెళ్ళినా సంభాషణ టైల్సు మీదికి మళ్ళుతుంది. రంగు ఏది, మెరుపు ఎంత, గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన సరుకా కాదా, రెండడుగుల టైలా నాలుగడుగులదా అని నెల రోజులు కొట్లన్నీ తిరుగుతారు. రెండు టైళ్ళ మధ్య సందును దేనితో నింపుతారు, ఎవరు నింపుతారు, ఏ పనిముట్టు పట్టి నింపుతారు అన్నది మాత్రం ఎవరూ అడగరు. నేను అడిగితే నవ్వి, "అదేముందండీ, వైట్ సిమెంటు పూసి గోనెముక్కతో తుడిచేస్తారు" అంటారు.

ఆ జవాబును గురించే ఈ నాలుగు మాటలు. నిమ్ము తగిలే నేల మీద ఇంటి ఆరోగ్యాన్ని నిర్ణయించడంలో టైలు మెరుపుకన్నా సందు నింపే తీరుది పెద్ద పాత్ర అని నా అభిప్రాయం. సందుకన్నా ముందు చూసుకోవలసినది నేల కింద నీటి దారి. మనం ఈ మూడింటినీ సరిగ్గా తలకిందులుగా పట్టించుకుంటున్నాము.

ముందుగా ఒక మాట సంగతి. ఇంగ్లీషువాడి బేస్‌మెంటు భూమి లోపల ఉంటుంది. మన పాత తెలుగులో అది నేలమాళిగ. మన మేస్త్రీల బేస్‌మెంటు భూమి పైన ఉంటుంది. పునాది మీద, గోడల కింద, నేల ఎత్తు వరకు లేచే పీఠాన్నే మనవాళ్ళు బేస్‌మెంటు అంటారు. ఇది మేస్త్రీల నోటి పొరపాటని కొట్టిపారేయడానికి వీల్లేదు. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాల బిల్లుల్లో కూడా "బేస్‌మెంట్ లెవెల్" అంటే ఈ పీఠమే. ఇప్పటి తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ళ పథకంలో 5 లక్షల రూపాయల సాయంలో తొలి లక్ష అందేది బేస్‌మెంటు పూర్తయ్యాకనే. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న కోనసీమ బిడ్డ "బేస్‌మెంటులో టైల్సు వేయిస్తున్నాను" అంటే మెట్లు దిగి వెళ్ళే గదిలో అని అర్థం. అమలాపురంలో ఉన్న అతని తండ్రి "బేస్‌మెంటు లేపాము" అంటే మెట్లెక్కి వెళ్ళే ఇల్లని అర్థం. ఒకే మాట రెండు దేశాల్లో రెండు దిక్కులకు నడిచింది. నిమ్ము మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

కోనసీమలో నేలమాళిగ తవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడానికి కారణం తెలిసినదే. గౌతమీ వసిష్ఠల నడుమ, మధ్యలో వైనతేయతో, మూడో వైపు సముద్రంతో ఉన్న ఒండ్రు గడ్డ ఇది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత కాలువలు ఊరూరికీ పారి, వరిచేను ఇంటి గోడ దాకా వచ్చింది. ఆ అన్నం తిన్న నోటితో ఆ నీటిని తిట్టలేము. కానీ కాలువలో నీరున్నన్నాళ్ళూ పెరటి నేల కింద కూడా నీరు పైకే ఉంటుంది. ఇక వరద సంగతి సరేసరి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలు దాటి పారినప్పుడు లంకల్లోని ఇళ్ళు ఎన్ని రోజులు నీళ్ళలో నానాయో ఆ ప్రాంతంవారికి నేను చెప్పనక్కరలేదు. అందుకే మనవాళ్ళు స్థలం కొనగానే మొదట చేసే పని మెరక తోలించడం.

మెరక వేస్తే నిమ్ము తీరిందనుకోవడం సగం నిజం. దీపపు వత్తి నూనెను పైకి పీల్చుకున్నట్టు మట్టి నీటిని పైకి పీలుస్తుంది. కణం ఎంత సన్నగా ఉంటే పీల్పు అంత ఎత్తుకు పోతుంది. నల్లరేగడి మీటర్ల ఎత్తుకు పీల్చగలదు. ముతక ఇసుక జానెడుతో ఆగిపోతుంది. కంకర అసలు పీల్చదనే చెప్పవచ్చు. చేలో తవ్విన బంకమట్టితో మూడడుగుల పీఠం నింపి "ఎత్తుగా కట్టాము" అని సంతోషించేవారు, ఎత్తుతో పాటు పొడుగాటి వత్తిని కూడా పేర్చుకున్నారన్నమాట. పీఠంలో పై అడుగైనా ముతక ఇసుకో కంకరో పడాలి. కాంక్రీటు కింద మందపాటి పాలిథీను పట్టా అతుకుల దగ్గర ఒకదాని మీదొకటి మడిచి పరవాలి. గోడ అడుగున అంగుళంన్నర మందాన నీటిని ఆపే కాంక్రీటు పొర, అందరూ డి.పి.సి. అనేది, తెగకుండా ఇల్లంతా చుట్టాలి. సముద్రానికి దగ్గరగా, ఉప్పునీటి బావులున్న ఊళ్ళలో మాలు కలపడానికి ఆ నీటిని వాడకపోవడం మరొక జాగ్రత్త. ఇవి జరగని ఇంట్లో ఆ తరువాత చేసే పనులన్నీ పైపూతలే.

ఇక టైళ్ళ విషయం. విట్రిఫైడ్ టైలు నీటిని పీల్చుకునే శక్తి దాని బరువులో అరశాతానికి మించదు. అంటే కింది నుంచి వచ్చే తేమకు టైలు ఒక గాజుపలక వంటిది. పాత గచ్చు నేల తేమను నేలంతటి నుంచీ మెల్లగా ఆవిరిగా వదిలేసేది. కనుక అది కనబడేది కాదు. విట్రిఫైడ్ నేలలో అంత తేమకూ మిగిలిన దారులు రెండే: టైళ్ళ మధ్య సందులు, గోడల అంచులు. తేమ ఒంటరిగా రాదు, మట్టిలోని సిమెంటులోని లవణాలను వెంట తెస్తుంది. సందు దగ్గర నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. శ్రావణ భాద్రపదాల్లో సందుల వెంట తెల్లని బూడిద వంటి పూత లేచిందని, వైట్ సిమెంటు పాడైందని మేస్త్రీని పిలిపించి తిట్టేవారు గమనించవలసిన విషయమిది. ఆ తెల్లగీత సందుకు వచ్చిన జబ్బు కాదు, కింది నుంచి వచ్చిన కబురు.

కాబట్టి టైలు కొనకముందే ఒక పరీక్ష చెయ్యాలి. ఖర్చు లేనిది. అడుగున్నర చదరం పాలిథీను ముక్కను కాంక్రీటు నేల మీద పరచి, నాలుగంచులూ టేపుతో గట్టిగా అతికించి, 16 గంటలు వదిలెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి అతికిస్తే మరునాటి ఉదయం ఎనిమిదింటికి ఎత్తి చూడవచ్చు. పట్టా లోపలి వైపు నీటి చుక్కలున్నా, కాంక్రీటు నల్లబడినా కింది నుంచి తేమ వస్తున్నట్టే. అమెరికాలో ఏఎస్‌టీఎం వారు ప్రమాణంగా వ్రాసిపెట్టిన పద్ధతి ఇదే. నేలమాళిగ గదుల్లో టైల్సు వేయించే మన ప్రవాస మిత్రులకు కూడా ఇదే మొదటి మెట్టు. కాంక్రీటు పోసి కనీసం నెల గడవనిదే ఈ పరీక్షకు అర్థం లేదు, దాని సొంత తడే ఇంకా ఆరి ఉండదు. కోనసీమకు నేను చేర్చే షరతు మరొకటి ఉంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పరీక్షించి "అబ్బే, పొడిగానే ఉంది" అని నిశ్చింతపడవద్దు. కాలువ నిండుగా పారుతూ, చేలు నీళ్ళలో ఉన్నప్పుడు చూడాలి. మన నేల నిజం చెప్పేది అప్పుడే.

పరీక్షలో నేల నెగ్గిందనుకుందాము. అప్పుడు వస్తుంది పనిముట్టు సంగతి.

సందులు నింపడానికి వాడే రబ్బరు అడుగున్న పలకను ఇంగ్లీషులో గ్రౌట్ ఫ్లోట్ అంటారు. నేను చూసిన పనుల్లో కొందరు దాన్ని ఊరికే "రబ్బరు" అన్నారు, చాలామంది దాన్ని వాడనే లేదు. తాపీకి, గుండుకు, బద్దకు, మట్టానికి చక్కని పేర్లు పెట్టుకున్న భాషలో దీనికి పేరు లేకుండా పోవడం నాకు నచ్చలేదు. ఈ వ్యాసం మట్టుకు "రబ్బరు పలక" అంటాను. అంతకంటె మంచి పేరు మీ ఊళ్ళో వాడుకలో ఉంటే సంతోషంగా తీసుకుంటాను.

గోనెముక్కతో రుద్దినదానికీ రబ్బరు పలకతో నింపినదానికీ తేడా ఏమిటి? గోనె, గుడ్డ, స్పాంజి వంటి మెత్తని వస్తువు సందు మీద వత్తినప్పుడు సందులోకి వంగుతుంది. గ్రౌటును అడుగుకంటా తొయ్యలేదు సరికదా, పైన ఉన్నదాన్ని కూడా గీరుకుని వస్తుంది. ఫలితంగా అడుగున గాలి, పైన అట్టముక్కంత పొర, మధ్యలో గుంట. ఆ గుంటలో తడిబట్ట పెట్టిన ప్రతిసారీ నీరు నిలుస్తుంది. నీరు నిలిచిన చోట మురికి, మురికి ఉన్న చోట బూజు, ఏడాది తిరిగేసరికి నల్లగీత. నిమ్ము నేలలో ఐతే పై నుంచి తడిబట్ట నీరు, కింది నుంచి ఊట. ఆ పలుచని పొర రెండింటి మధ్యా చిక్కి పొడై ఊడిపోతుంది. "పైన పటారం, లోన లొటారం" అన్న సామెత ఇలాంటి సందుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

రబ్బరు పలక చేసే పని రెండు రకాలు. మొదట దాన్ని నేలకు సుమారు 45 డిగ్రీల వాలులో పట్టి, టైలు మూల నుంచి మూలకు ఐమూలగా లాగుతూ గ్రౌటును సందు అడుగు వరకు కూరాలి. తరువాత అదే పలకను దాదాపు నిలువుగా ఎత్తి, దాని అంచుతో టైలు మీది అదనపు గ్రౌటును గీకెయ్యాలి. ఇదీ ఐమూలగానే. సందు వెంబడి నిలువుగా లాగితే అంచు సందులో దిగి గుంట చేస్తుంది. ఒకే పనిముట్టు కూరాలి, గీకాలి; అందుకే దాని గట్టిదనం ముఖ్యం.

ఎంపికలో నేను చూసేవి ఇవి. మన ఇళ్ళలో విట్రిఫైడ్ నేల, రెండు మూడు మిల్లీమీటర్ల సందు, పాలిమరు కలిపిన సిమెంటు గ్రౌటు సాధారణం. దానికి మధ్యరకం గట్టిదనమున్న రబ్బరు సరిపోతుంది. బొటనవేలితో నొక్కితే కాస్త లోబడాలి, గుంట పడి ఉండిపోకూడదు. అంచును కొట్లోని గాజు బల్ల మీద నిలబెట్టి చూస్తే కింద వెలుతురు కనబడకూడదు. మూలలు కనీసం ఒక వైపైనా పదునుగా ఉండాలి, లేకపోతే గది మూలల్లో గ్రౌటు చేరదు. సందు 3 మిల్లీమీటర్లకు మించి ఇసుక కలిసిన గ్రౌటు వాడితే ఇంకాస్త గట్టి రబ్బరు కావాలి, మెత్తనిది ఇసుకకు తొందరగా అరిగి అంచు గుండ్రబడుతుంది. స్నానాలగది గోడల మీది మెరుపు టైళ్ళకు మెత్తరకం మంచిది, గీతలు పడవు. ఎపాక్సీ గ్రౌటుకు అన్నిటికన్నా గట్టి రబ్బరు కావాలి, ఎందుకంటే అది జిగురుముద్ద. మెత్తని పలకకు లొంగదు. స్పాంజి అంటించిన పలక గోడ మాలును నున్న చేయడానికి, టైలు తుడవడానికి పనికొస్తుంది గాని సందు నింపడానికి కాదు. ఇంతా చేసి దీని ధర ఒక పెట్టె టైళ్ళ ధరను మించదు. పని అయిన వెంటనే కడిగి పెట్టుకుంటే ఇల్లంతా అయ్యాక కూడా పనికొస్తుంది.

మిగతా జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. టైల్సు పరిచి ఒక రోజైనా గడవాలి. సందులో పొంగిన మాలును గీకి, లోతులో మూడింట రెండు వంతులైనా ఖాళీ చెయ్యాలి. గ్రౌటులో పొట్లం మీద చెప్పిన కొలతే నీరు. గట్టిపడుతోందని మళ్ళీ నీళ్ళు పొయ్యకూడదు. తుడిచే స్పాంజిని బాగా పిండాలి. ఎక్కువైన నీరే తరువాత తెల్లపూతగా, పగులుగా తిరిగి వస్తుంది. గోడకూ నేలకూ మధ్య చిటికెన వేలు మందాన కాస్త తక్కువ ఖాళీ వదిలి, దాన్ని గ్రౌటుతో నింపక స్కర్టింగు కింద దాచాలి. నేల కదలడానికి ఆ చోటు కావాలి.

ఇప్పుడు నాకు ఎదురయ్యే అభ్యంతరాలు రెండున్నాయి.

మొదటిది: "అసలు సందే లేకుండా టైలుకు టైలు ఆనించి వేస్తే ఈ గొడవే ఉండదు కదా!" చూడడానికి అందంగానే ఉంటుంది. కానీ ఎండకు వానకు నేల, టైలు కొద్దిపాటి తేడాతో పెరిగి తగ్గుతుంటాయి. పెరిగే చోటు లేనప్పుడు టైళ్ళు ఒకదాన్నొకటి తోసుకుని ఒక రోజు మధ్యాహ్నం టపటపమని గుడారంలా లేస్తాయి. పైగా, ఆనించి వేసినా సందు పోదు, సన్నబడుతుంది. అందులోకి గ్రౌటు పోదు గాని నీరు పోతుంది.

రెండవది: "ఎపాక్సీ పెట్టిస్తే ఒక్క చుక్క దిగదట కదా!" నిజమే, పై నుంచి దిగదు. వంటగట్టుకూ స్నానాలగదికీ నేనూ అదే మంచిదంటాను. కానీ కింది నుంచి నిమ్ము వస్తున్న నేల మీద ఎపాక్సీ పెట్టడమంటే ఉడుకుతున్న గిన్నె మీద మూత బిగించడం వంటిది. తేమ ఆగదు, గోడ అంచులకు మళ్ళి, అక్కడి రంగును పెచ్చులుగా లేపి, టైలు కింది జిగురును మెత్తబరుస్తుంది. కింది దారి మూసినవాడికే పై దారి మూసే హక్కు ఉంది. న్యూజెర్సీ నేలమాళిగకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ నీరు గోడల పక్క నుంచి కూడా తోస్తుంది కనుక ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. నిమ్ము ఇంకా పూర్తిగా తీరని పాత ఇంట్లో తప్పనిసరిగా టైల్సు వేయవలసి వస్తే సిమెంటు గ్రౌటే మేలు. తెల్లపూత వస్తుంది, పొడిబట్టతో తుడుచుకోవాలి; కానీ నేల ఊపిరి ఆడుతుంది, లోపల జరిగేది కంటికి తెలుస్తుంది.

చివరిగా, నన్ను ఈ వ్యాసం వ్రాయించిన అసలు సంగతి. టైల్సు పని మన దగ్గర సాధారణంగా చదరపు అడుగుల లెక్కన ఒప్పుకుంటారు. టైలు పరచడంతో లెక్క దాదాపు తీరిపోతుంది. సందు నింపడం ఆ కూలిలోనే కలిసిపోయిన చివరి చిల్లరపని. మేస్త్రీ అప్పటికే మరో ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ పని జట్టులో అందరికన్నా చిన్నవాడి మీద పడుతుంది. అతని చేతికి పలక ఇవ్వరు, తొడుగులు ఇవ్వరు. వట్టి చేతులతో, వేళ్ళ కొసలతో, తడి సిమెంటును గంటల తరబడి సందుల్లోకి రుద్దుతాడు. తడి సిమెంటు సున్నంలా తినే క్షారం. చర్మాన్ని ఎండగట్టి, పగులగొట్టి, కాలుస్తుంది. సాయంత్రానికి అతని వేళ్ళ కొసల్లో గీతలు అరిగి, ఎర్రబారి ఉంటాయి. ఆ రాత్రి అన్నం కలుపుకునేది ఆ చేత్తోనే. మనం గృహప్రవేశం నాడు పాలు పొంగించి, చెప్పులు బయట విడిచి అపురూపంగా నడిచే నేల మీద ఆ చేయి ప్రతి సందులోనూ నడిచి ఉంటుంది.

కనుక నా ప్రతిపాదన చిన్నది. సందులు నింపే రోజును చదరపు అడుగుల లెక్క నుంచి విడదీసి, దానికి వేరే రోజుకూలి ఒప్పుకుందాము. ఆ పని మేస్త్రీయే స్వయంగా చెయ్యాలని ముందే మాట తీసుకుందాము. రెండు రబ్బరు పలకలు, ఒక జత రబ్బరు తొడుగులు, రెండు స్పాంజిలు ఇంటివాళ్ళమే కొని ఇద్దాము. ఒక పెట్టె టైళ్ళకు పెట్టే డబ్బుతో ఇది జరిగిపోతుంది. పని బాగుండడానికీ, పనివాడి చెయ్యి బాగుండడానికీ ఒకే వస్తువు సరిపోవడం అరుదైన సంగతి. ఆ అరుదైన సంగతిని మనం గోనెముక్కకు వదిలేస్తున్నాము.

తాపీ అన్న మాట నుంచే "తాపీగా" వచ్చిందో లేదో నిఘంటుకారులు తేల్చుకుంటారు. ఆ రెంటికీ చుట్టరికం ఉన్నా లేకపోయినా, నేల పని మాత్రం ఈ క్రమంలో తాపీగానే జరగాలి: ముందు కింది నీరు, తరువాత సందు, ఆ తరువాతే మెరుపు. టైలు రంగు నచ్చకపోతే చాప పరుచుకోవచ్చు. నిమ్మెక్కిన నేల మీద పరిచిన చాప కూడా నిమ్మెక్కుతుంది.